గాలానికి తెలియని చేప పడితే: చెన్నై తీరంలో గుర్తుపట్టే వరుస

కోవళం తీరం నుంచి తెల్లవారుజామున ఫైబర్ పడవలో బయలుదేరిన ఒక ఆదివారం నా గాలానికి ముదురు గోధుమరంగు చేప ఒకటి పడింది. తల అదిమినట్టు బల్లపరుపుగా, ఒళ్ళు పొడవుగా, పక్కల రెండేసి వెండి చారలతో ఉన్న దాన్ని చూసి నేను సొరపిల్ల అనుకున్నాను. నాతో వచ్చిన స్నేహితుడు జెల్ల అన్నాడు. పడవ నడిపే పెద్దాయన పులికాట్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు. ఆయన మాతో వాదించలేదు. చేపను తడిగుడ్డతో ఒడిసిపట్టి, వీపు మీద బొటనవేలి గోటిని తోక వైపు నుంచి తల వైపుకి నెమ్మదిగా ఎగదోస్తూ "లెక్కపెట్టుకో బాబూ" అన్నారు. మధ్యలో పొర లేకుండా, పొట్టిగా, విడివిడిగా ఉన్న ఎనిమిది ముళ్ళు వీపు గాడిలోంచి ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. "సొరకి ఇట్టాంటి ముళ్ళు ఉండవు. జెల్ల అయితే మూతికి మీసాలుండాల, వీపు మీద ఒకటే పెద్ద ముల్లుండాల. ఇది కడల్ విరాల్" అని తేల్చేశారు.

విరాల్ అంటే తమిళంలో మన కొరమీను. సముద్రపు కొరమీను అని పేరు పెట్టుకున్నారు గానీ, ఆ చేపకూ కొరమీనుకూ చుట్టరికమేమీ లేదు. పెద్ద హోటళ్ళ మెనూలో కోబియా అని రాసేది దీన్నే. ఎనిమిదికి ఒకటి అటూ ఇటూగా విడివిడి ముళ్ళున్న ఆ వీపును ఒకసారి వేలితో తడిమి చూసినవారు మళ్ళీ పొరబడరు.

చెన్నైలో సరదాగా సముద్రపు వేటకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ముందు ఒక పేరు అనుకుని, ఆ తరువాత ఆ పేరుకు తగ్గట్టుగా చేపను చూస్తారు. పక్కన నాలుగు చారలు కనిపిస్తే వంజరం, ఒళ్ళు ఎర్రగా ఉంటే సంకర అని తీర్మానించేస్తారు. ఆ పెద్దాయన ముందు ముళ్ళు చూశారు, పేరు చివర చెప్పారు. ఇక్కడ నేను వివరించబోయేది ఆ వరుసనే.

మొదటి మెట్టు చేప మీద చెయ్యి వేయకుండా చూడడం. తెలియని చేప నోటి నుంచి గాలం తీయడానికి ముక్కు పొడవైన కటింగ్ ప్లేయర్, మందపాటి తడిగుడ్డ వాడాలి. నేను ఈ మాట అనుభవంతో రాస్తున్నాను: అరచెయ్యంత ఉన్న, చూడడానికి సాధువుగా కనిపించిన, తమిళంలో ఒరా అని పిలిచే చేపను వట్టి చేత్తో పట్టుకున్నందుకు మధ్యాహ్నం దాకా మోచేయి వరకూ మంట అనుభవించాను. దాని మూతి కుందేలు మూతిలా చిన్నగా ఉంటుంది, అది తినేది నాచు. కానీ వీపున 13, కింద మలద్వారం వెనుక 7 విషపు ముళ్ళుంటాయి, పొట్ట రెక్కల్లో ఒక్కొక్కదానికి ముందొకటి వెనకొకటి ముల్లు ఉంటుంది. పొట్ట రెక్కకు రెండు ముళ్ళుండే ఏర్పాటు ఈ కుటుంబానికే ప్రత్యేకం కాబట్టి, కుట్టించుకున్నాక గుర్తుపట్టడం మాత్రం చాలా సులువు. జెల్లలకు వీపున ఒకటి, చెంప రెక్కల దగ్గర ఒక్కొక్కటి రంపపు పళ్ళున్న ముల్లు ఉంటుంది. రాతి అడుగున వేటాడేటప్పుడు పడే తేలుచేపలు, సింహపు చేపలు, రాయిలా కదలకుండా పడివుండే రాయిచేపలు ఇంకా ప్రమాదకరమైనవి. ఇవి కుట్టినప్పుడు గాయాన్ని చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల నీటిలో, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి, ఎందుకంటే ఆ విషాల్లోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. నీటి వేడిని కుట్టని చేతితోనే పరీక్షించుకోవాలి, ఆ తరువాత ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. మనం టేకు అని, తమిళులు తిరుక్కై అని పిలిచే చేప పడితే తోక దగ్గరికి పోకుండా, దాన్ని పడవలోకి లాగకుండా దారం కోసేయడమే మేలు.

పాములా ఉన్నది పడితే తోక చూడండి. తోక తెడ్డులా పక్కలకు అణిగి ఉండి, ఒంటి మీద పొలుసులు కనిపిస్తూ, మొప్పల రంధ్రం ఎక్కడా లేకపోతే అది సముద్రపు పాము. గాలి పీల్చడానికి పైకి వచ్చే జీవి, తీవ్రమైన విషం గలది. తల వెనుక మొప్పల రంధ్రం, వీపు పొడవునా తోక దాకా సాగిన ఒకే రెక్క ఉంటే అది ఈల్ జాతి చేప. ఈ తేడాను చేతికి అందనంత దూరం నుంచి చూసుకోవాలి, సందేహం ఉంటే దారం కోసేయాలి.

ప్రమాదం లేదని తేలాక రెండో పని వెంటనే ఫొటో తీయడం. చేప చచ్చిన నిమిషాల్లోనే రంగులు పోతాయి. చారలు మాసిపోతాయి, కొన్నిటిలో అప్పటిదాకా లేని మచ్చలు తేలతాయి. ఐసు పెట్టెలో నాలుగు గంటలుంచి ఇంటికి తెచ్చి, వంటగది సింకులో తీసిన ఫొటో చూపించి "ఇదేం చేప" అని అడిగితే, ఎంత తెలిసినవారైనా ఊహించి చెప్పవలసిందే. పద్ధతి ఇది: చేపను తడి చెక్క మీద, తల మన ఎడమ వైపుకు వచ్చేటట్టు, దాని ఎడమ పక్క మనకు కనిపించేటట్టు పడుకోబెట్టాలి. చేపల శాస్త్రంలో బొమ్మలన్నీ దాదాపుగా ఇలాగే ఉంటాయి, అందువల్ల పోల్చడం తేలిక. రెక్కలను విప్పి గుండుసూదులతో చెక్కకు గుచ్చి నిలపాలి. ఈ ఒక్క పనికి బద్ధకించడం వల్లనే చాలా ఫొటోలు పనికిరాకుండా పోతాయి, ఎందుకంటే ముడుచుకుపోయిన రెక్కలో ముళ్ళను ఎవరూ లెక్కపెట్టలేరు. కొలత తెలియడానికి పక్కన స్కేలు, అది లేకపోతే 27 మిల్లీమీటర్ల వెడల్పుండే పది రూపాయల నాణెం పెట్టాలి. నిండు ఫొటో తీశాక తల పక్క నుంచి, నోరు తెరిచి, పొట్ట వైపు నుంచి, తోక మొదలు దగ్గర నుంచి ఒక్కొక్కటి తీయాలి. ఎక్కడ, ఎంత లోతులో, ఇసుక మీదా రాళ్ళ మీదా, ఏ ఎరకు పడిందో అక్కడికక్కడే ఫోనులో రాసిపెట్టుకోవాలి. ఒడ్డుకు వచ్చాక లోతులు గుర్తుండవు.

ఇక అసలు చూపు. పాఠ్యపుస్తకాలు రెక్కలను వాజాలంటాయి, పడవ మీద ఎవరూ అలా అనరు కనుక నేనూ రెక్కలనే అంటాను. వీపు రెక్క ఒకటా రెండా అన్నది మొదటి ప్రశ్న. రెండైతే వాటి మధ్య ఎడం ఎంత? రెక్కలో గట్టి ముళ్ళు ఎన్ని, వాటి వెనుక వంగే మెత్తని కిరణాలు ఎన్ని? ముల్లు ఒకటే పుల్లగా కొస తేలి ఉంటుంది. కిరణం కణుపులు కణుపులుగా ఉండి కొసన సాధారణంగా చీలుతుంది. చేప పెరిగినా, రంగు మారినా, చచ్చినా ఈ అంకెలు దాదాపుగా మారవు. అందుకే శాస్త్రజ్ఞులు మచ్చల కంటే ముళ్ళను నమ్ముతారు. తరువాత మలద్వారం వెనుక రెక్క చూడాలి. మన తీరంలో పడే ముళ్ళ రెక్కల చేపల్లో చాలావాటికి అక్కడ 3 ముళ్ళుంటాయి, మనం గొరక అని, తమిళులు కత్తలై అని పిలిచే కుటుంబానికి 2 మాత్రమే ఉంటాయి. గొరకకు ఇంకో గుర్తు కూడా ఉంది: ఒంటి పక్కన తల నుంచి వచ్చే పార్శ్వరేఖ తోక మొదట్లో ఆగిపోకుండా తోక రెక్క చివరి దాకా సాగుతుంది. ఈ రెండూ కలిస్తే రంగుతో పని లేకుండా కుటుంబం తేలిపోతుంది.

పారలను గుర్తించడానికి నా చెయ్యే నాకు ఆధారం. తోక సన్నబడే చోట పక్కన వేలిని తోక నుంచి తల వైపుకి నడిపితే గరగరా తగిలే గట్టి పలకలు వరుసగా ఉంటాయి, మలద్వారం వెనుక రెక్కకు ముందు రెండు ముళ్ళు విడిగా నిలబడి ఉంటాయి. ఈ పరీక్ష వల్ల బయటపడే విడ్డూరం నల్ల చందువ. పేరుకు చందువే గానీ, తోక మొదట్లో ఆ పలకలు సన్నని గట్టులా తగులుతాయి, అంటే అది పారల కుటుంబంలోది. తెల్ల చందువకు ఆ గట్టు ఉండదు, తోక రెక్కలో కింది కొమ్మ పై కొమ్మ కంటే పొడవుగా సాగుతుంది. రెండిటికీ పెద్దయ్యాక పొట్ట రెక్కలు లేకపోవడం వల్ల, చూపుకు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. బజారులో ఈ రెండిటి ధర తేడా తెలిసినవారికి ఈ వేలి పరీక్ష ఎంత లాభమో వేరే చెప్పనక్కరలేదు.

వంజరం విషయంలో మోసపోవడం మరీ ఎక్కువ కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. మనం కోనెం అని కూడా అనే ఈ చేపకు రెండో వీపు రెక్క వెనుకా, దానికి ఎదురుగా కిందా, తోక దాకా చిన్న చిన్న తునక రెక్కలు వరుసగా ఉంటాయి. షీలా, అంటే ఇంగ్లీషులో బరాకుడా, పడినప్పుడు కొత్తవారు పొడవునూ పళ్ళనూ చూసి వంజరం అంటారు. దానికి ఆ తునకలు ఒక్కటీ ఉండవు, రెండు వీపు రెక్కల మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. వంజరాల్లోనే మూడు రకాలు మన వైపు పడతాయి: పక్కన నిలువు పట్టీలున్నది, గుండ్రని మచ్చలున్నది, చిన్న గీతలు వరుసలుగా ఉన్నది. పట్టీలది పిల్లగా ఉన్నప్పుడు మచ్చలతోనే ఉంటుంది గనుక రంగును నమ్మితే ఇక్కడ దొరికిపోతాం. పార్శ్వరేఖను చూడాలి: పట్టీల వంజరానికి అది రెండో వీపు రెక్క వెనుక భాగం కింద ఒక్కసారిగా మెట్టు దిగినట్టు కిందికి వంగుతుంది. ఆ మెట్టు ఇంకా ముందుగా, మొదటి వీపు రెక్క కిందనే కనిపించి, ఆ రెక్కలో ఇరవైకి పైగా ముళ్ళుండి, పట్టీలు నీలంగా మెరుస్తుంటే అది వహూ అనే మరో చేప.

ఎర్ర చేపల్లో చెన్నై బజారు మనల్ని ఇంకా తికమక పెడుతుంది, ఎందుకంటే ఇక్కడ సంకర అనే ఒకే పేరు రెండు వేర్వేరు కుటుంబాలకు నడుస్తుంది. వీపు రెక్కలో 10 ముళ్ళు, 9 కిరణాలు, కింది రెక్కలో 3 ముళ్ళు, 7 కిరణాలు ఉంటే అది గులాబీ రంగు చిన్న సంకర, ఎగుమతిదారులు త్రెడ్‌ఫిన్ బ్రీమ్ అనేది. వీపు రెక్కలో కిరణాలు పన్నెండో పదమూడో అయి, నోటి ముందు కుక్కపళ్ళు గట్టిగా ఉంటే స్నాపర్ అనే అసలు ఎర్ర చేపల కుటుంబం. గడ్డం కింద రెండే మెత్తని మీసాలుంటే మన గులివింద, తమిళుల నవరై. చెంప రెక్క దిగువన దారాల్లాంటి తంతువులు విడిగా వేలాడితే అది మాగ, ఇక్కడివారి కాలా. ఆ తంతువులు నాలుగా అయిదా అన్నదాన్ని బట్టి రకం మారుతుంది కాబట్టి గుడ్డతో తుడిచేటప్పుడు తెగకుండా చూసుకోవాలి. సావడకు అసలు తోక రెక్కే ఉండదు, దాని గురించి ఇంతకంటే రాయనక్కరలేదు.

జెల్లల మాట వచ్చింది కనుక ఒకటి: సముద్రపు జెల్ల నోరు తెరిచినప్పుడు లోపల గోలీకాయల్లాంటి గుడ్లు కనిపిస్తే అది గుడ్లు తినేసిన దొంగ కాదు, వాటిని పొదుగుతున్న తండ్రి. దాన్ని వదిలేయడం ధర్మం.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. చెన్నైలో తెలుగు పేరు, తమిళ పేరు, బజారు పేరు, హోటలు పేరు నాలుగూ కలగలిసి తిరుగుతాయి. మన పండుగప్ప ఇక్కడ కొడువా. మన కవ్వళ్ళను ఒక వీధిలో మత్తి అంటారు, ఇంకో వీధిలో కవలై అంటారు. పేర్లు ఊరు దాటితే మారతాయి గనుకనే శాస్త్రీయ నామం అవసరం. అయితే ఆ లాటిన్ పేర్లలో మన భాష కూడా ఉందని చాలామందికి తెలియదు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలనూ వర్ణనలనూ 1803లో లండన్‌లో అచ్చు వేశారు, అక్కడివారు పిలిచే పేర్లతో సహా. వాటిలో కానగుర్త ఒకటి. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ మాటనే జాతి పేరుగా స్వీకరించడంతో మనం పులుసు పెట్టుకునే కానగంత ఈనాటికీ ప్రపంచమంతటా రాస్ట్రెల్లిగర్ కనగుర్త. చెన్నై చేపల రేవు కాసిమేడులో అదే చేపను కానాంకెళుత్తి అని అమ్ముతుంటే నేను రెండు పేర్లనూ మనసులో పక్కపక్కన పెట్టుకుని కొంటాను.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. "అక్కా, ఇది వంజరమేనా?" అని అడిగితే, బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక, అవునన్న సమాధానమే వస్తుంది. ఫొటో చూపించి "దీన్ని మీరేమంటారు, ఏ నెలల్లో పడుతుంది, ఎంత పెద్దది అవుతుంది, మీ ఇంట్లో తింటారా?" అని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి, వాటిలో మొదటిదాని కంటే చివరిది చాలాసార్లు ఎక్కువ విలువైనది. కాసిమేడులో ఒకరిని, మెరీనా లూప్ రోడ్డు దగ్గర నొచ్చికుప్పంలో ఇంకొకరిని అడిగి, ఇద్దరూ ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని రాసుకోవాలి. కాసిమేడులో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు ఉన్నాయి కనుక భాష అడ్డం కాదు. ఒక జాగ్రత్త: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు 61 రోజుల నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో బజారుకు వచ్చే చేపల్లో పడమటి తీరం నుంచి లారీల్లో దిగేవి చాలా ఉంటాయి, కాబట్టి "ఇది బజారులో చూశాను, మన సముద్రంలోదే" అనే వాదం అప్పుడు చెల్లదు.

ఫోనులో ఫొటో పెట్టగానే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లను నేనూ వాడతాను, కానీ అది చెప్పిన పేరును తీర్పుగా తీసుకోను. ఆ పేరును ఫిష్‌బేస్ అనే చేపల సమాచార వెబ్‌సైటులో వెతికి మూడు సంగతులు చూస్తాను: ఆ చేప బంగాళాఖాతంలో ఉందా, వీపు ముళ్ళ లెక్క నా లెక్కతో కలిసిందా, నాకు పడిన లోతులో అది తిరుగుతుందా. మూడింటిలో ఒకటి తప్పినా పేరు కొట్టేస్తాను. కొన్ని జాతులను మొప్పల లోపలి దువ్వెన పళ్ళను లెక్కించనిదే విడదీయడం కుదరదు. అలాంటప్పుడు "పారల్లో ఒక రకం" అని రాసి ఊరుకోవడం తప్పుడు పేరు రాయడం కంటే నిజాయితీగల పని.

నిజంగా వింత చేప దొరికితే శాంథోమ్ హై రోడ్డులో జంతుశాస్త్ర సర్వే వారి సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. 1947లో మొదలై ఇప్పుడు కొచ్చి కేంద్రంగా నడుస్తున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెన్నైలో ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్ళేముందు చేపను కోయకుండా, కడుపు తీయకుండా ఐసులో పెట్టాలి; రెక్క కొసన గోరంత ముక్కను కత్తిరించి గాఢమైన ఆల్కహాలులో విడిగా దాచితే డీఎన్ఏ పరీక్షకు పనికొస్తుంది. రంపపు మూతి చేప, తిమింగల సొర, సముద్రపు గుర్రం లాంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి కాబట్టి, వాటిని గుర్తించిన క్షణమే ఫొటోతో సరిపెట్టి నీటిలో వదిలేయాలి. ఇంటికి తేవడం నేరం.

వండుకోవడం గురించి నా నియమం కఠినంగానే ఉంటుంది: పేరు తేలని చేప పొయ్యి మీదికి ఎక్కదు. ముఖ్యంగా నోట్లో చిలక ముక్కులా నాలుగు పలకల పళ్ళుండి, పొట్ట రెక్కలు లేకుండా, పట్టుకుంటే పొట్ట ఉబ్బించే పేత్తై విషయంలో రెండో ఆలోచన అక్కరలేదు. దాని కాలేయంలోనూ గుడ్ల సంచిలోనూ చర్మంలోనూ ఉండే టెట్రోడోటాక్సిన్ ఎంత ఉడికించినా పోదు, దానికి విరుగుడు మందు లేదు.

నా నోటు పుస్తకంలో "సంకర?" అని ప్రశ్నార్థకంతో ఒక పద్దు చాలాకాలం ఉండిపోయింది. ఎన్నూరు బయట, ఇసుక అడుగున, రొయ్య ఎరకు పడిన జానెడు చేప అది. వానాకాలంలో వేటకు వెళ్ళలేక ఇంట్లో కూర్చున్న ఒక సాయంత్రం పాత ఫొటోను పెద్దది చేసి చూస్తే, అదృష్టవశాత్తూ ఆ రోజు గుండుసూదులు గుచ్చి రెక్క విప్పి ఉంచాను. పది ముళ్ళ వెనుక కిరణాలు సరిగ్గా తొమ్మిది. ప్రశ్నార్థకం కొట్టేసి, పక్కన చిన్న సంకర అని రాసుకున్నాను.